కయాక్ మీద సముద్రంలో గాలం వేస్తుంటే వాంతులు, బోల్తా పడటం త్రుటిలో తప్పింది. తెలిసినవాళ్ళు చెప్పండి

మధురవాడ_గాలం:

అందరికీ నమస్కారం. మాది వైజాగ్. చిన్నప్పటి నుంచి చెరువుల్లో గాలం వేయడం అలవాటు. ఆరు నెలల క్రితం నేనూ నా స్నేహితుడూ కలిసి రెండు సెకండ్ హ్యాండ్ కయాక్‌లు కొన్నాం, పైన కూర్చునే రకం, పన్నెండు అడుగులవి. భీమిలి దగ్గర గోస్తనీ సముద్రంలో కలిసే చోట లోపలి నీళ్ళలో చాలాసార్లు తిప్పాం, ఏ ఇబ్బందీ రాలేదు. ఆ ధైర్యంతోనే పోయిన ఆదివారం మంగమారిపేట వైపు నుంచి మొదటిసారి సముద్రంలోకి దిగాం.

తెల్లవారుజామున సముద్రం చాలా ప్రశాంతంగా ఉంది. తెడ్డు వేస్తున్నంతసేపూ నాకు హాయిగానే ఉంది. ఒడ్డు నుంచి ఒకటిన్నర కిలోమీటరు వెళ్ళాక ఆగి, గాలానికి ఎర గుచ్చుదామని తల వంచాను. ఐదు నిమిషాలు కూడా కాలేదు, ఆవలింతలు మొదలయ్యాయి, నోట్లో నీళ్ళూరాయి, చెమట పట్టింది కానీ ఒళ్ళు చల్లగా ఉంది. నిద్ర చాలలేదేమో అనుకున్నాను. ఇంకో పది నిమిషాలకు వాంతి. ఒక పక్కకు వంగి కక్కుతుంటే కయాక్ ఆ వైపుకు ఎంత ఒరిగిందంటే నీళ్ళు నా మోచేతికి తగిలాయి. ఎలాగో నిలదొక్కుకున్నాను కానీ కొత్తగా కొన్న రాడ్ సముద్రంలో పోయింది. ఆ తర్వాత తెడ్డు ఎత్తడానికి చేతుల్లో బలం లేదు. నా స్నేహితుడు తాడు కట్టి లాక్కొచ్చాడు, గంటంబావు పట్టింది. ఈలోపు గాలి కూడా మారింది.

నిజం చెప్పాలంటే లైఫ్ జాకెట్ ఉంది, కానీ ఉక్కగా ఉందని సీటు వెనక తాడు కింద పెట్టాను. ఇంటికొచ్చాక అది గుర్తొచ్చి రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. నాకు పెళ్ళయింది, మూడేళ్ళ పాప ఉంది.

మానేయాలని లేదు, అలాగని ఇలా మళ్ళీ వెళ్ళాలనీ లేదు. సముద్రం పడని వాళ్ళకు అలవాటు అవుతుందా? మాత్రలు వేసుకోవచ్చా? ఇంకా ఏమేం జాగ్రత్తలు తీసుకోవాలి? అనుభవం ఉన్నవాళ్ళు దయచేసి వివరంగా చెప్పండి.

తీరం_మనిషి:

తమ్ముడూ, ముందు క్షేమంగా వచ్చావు, సంతోషం. మాది భీమిలి దగ్గర ఊరు, మా నాన్న, తాత తెప్ప మీద వేట చేసినవాళ్ళు, నేను ఫైబర్ తెప్ప మీద పదిహేనేళ్ళు వెళ్ళాను, ఇప్పుడు వేరే పని చేస్తున్నా నెలకు రెండు మూడు సార్లు కయాక్ మీద గాలానికి వెళ్తాను.

నువ్వు వాంతుల గురించి ఒక ప్రశ్న, జాగ్రత్తల గురించి ఇంకో ప్రశ్న అడిగావు. సముద్రం మీద ఆ రెండూ ఒకటే ప్రశ్న. పెద్ద బోటులో ఎవరికైనా తల తిరిగితే ఒక మూల పడుకుంటాడు, మిగతావాళ్ళు బోటు నడుపుతారు. కయాక్‌లో నడిపేవాడివీ నువ్వే, కక్కేవాడివీ నువ్వే. నీకు వాంతి మొదలైన క్షణం నుంచి ఆ కయాక్‌కు నడిపేవాడు లేనట్టే. అందుకే వాంతి వచ్చాక ఒడ్డుకు తిరగడం కాదు, మొదటి ఆవలింతకే తిరగాలి. ఆవలింత, నోట్లో నీళ్ళూరడం, చల్లటి చెమట, ఊరికే తేన్పులు, ఇవి నీ ఒళ్ళు ముందుగా చెప్పే మాటలు. అప్పటికి నీ చేతుల్లో ఇంకా బలం ఉంటుంది. తెడ్డు వేస్తూ వస్తుంటే చాలామందికి దారిలోనే సర్దుకుంటుంది కూడా.

తెడ్డు వేసినంతసేపు బాగుండి, ఆగగానే ఎందుకు తిప్పిందో చూడు. ఆగిన కయాక్ కెరటానికి అడ్డంగా తిరుగుతుంది, అటూ ఇటూ ఊగుతుంది. నువ్వేమో తల వంచి చేతిలోని చిన్న గాలం వైపు చూస్తున్నావు. చెవి లోపలి భాగం ఊగుతున్నామంటుంది, కళ్ళు కదలడం లేదంటాయి. ఆ తగువే వికారం. కాబట్టి ముడులన్నీ ఇంటి దగ్గరే వేసుకో. నాలుగైదు తీగలు గాలాలతో సహా సిద్ధం చేసి ఒక ఫోమ్ ముక్కకు చుట్టుకుని వెళ్ళు, అక్కడ కొక్కెం తగిలిస్తే సరిపోవాలి. ఎర కూడా ఒడ్డునే కోసి డబ్బాలో పెట్టుకో.

దూరంగా చూడమని అందరూ చెప్తారు, నిజమే, కానీ మన తీరంలో పొద్దున్నే తూర్పు వైపు చూస్తే ఎండ నీళ్ళ మీద పడి కళ్ళలో కొడుతుంది, తలనొప్పి ఇంకా పెరుగుతుంది. నువ్వు ఒడ్డు వైపు చూడు. మనకు దేవుడిచ్చిన వరం ఈ కొండలు. కైలాసగిరి, తొట్లకొండ, భీమిలి కొండ, వాటి వెనక ఇంకా ఎత్తైనవి. మా పెద్దవాళ్ళు రాళ్ళున్న చోటు, చేప ఉన్న చోటు అంతా కొండల గుర్తులతోనే పట్టుకునేవాళ్ళు. ముందున్న ఒక చెట్టో, ఇల్లో వెనకున్న కొండ శిఖరంతో ఒకే వరసలో కనిపించేలా చూసుకో. ఐదు నిమిషాలకు ఒకసారి చూడు. ఆ వరస తప్పిందంటే నీళ్ళు నిన్ను లాగుతున్నాయని అర్థం. కదలని కొండను చూస్తున్నావు కాబట్టి తల తిరగడం తగ్గుతుంది, ఎటు కొట్టుకుపోతున్నావో కూడా తెలుస్తుంది.

ఇప్పుడు గాలి సంగతి. తెల్లవారుజామున నేల మీంచి సముద్రం వైపు గాలి వీస్తుంది, ముఖ్యంగా చలికాలంలో. ఆ గాలికి ఒడ్డు దగ్గర నీళ్ళు అద్దంలా ఉంటాయి, నీకు కనిపించిన ప్రశాంతం అదే కావచ్చు. అది నిన్ను మెల్లగా లోపలికి తోస్తుంది, తెలియదు. వెనక్కి తిరిగినప్పుడే తెలుస్తుంది. వానాకాలంలో పడమటి గాలి గట్టిగా ఉన్న రోజు కూడా అంతే, ఒడ్డున నిలబడి చూస్తే ఏమీ ఉండదు, రెండు కిలోమీటర్లు వెళ్ళాక నీళ్ళు లేస్తుంటాయి. పది, పదకొండు గంటలకు సముద్రపు గాలి మొదలవుతుంది, వేసవిలో నైరుతి నుంచి తీరం వెంబడి బలంగా వస్తుంది. నేను తొమ్మిదిన్నరకల్లా ఒడ్డున ఉంటాను, చేప పడుతున్నా సరే. నీళ్ళ మీద అక్కడక్కడా తెల్లటి నురగలు కనిపించడం మొదలైతే గాలి పది నాట్లకు దగ్గరైనట్టు, అంటే గంటకు సుమారు 18 కిలోమీటర్లు. కొత్తవాళ్ళకు అక్కడితో ఆపేయడం మంచిది.

హైదరాబాద్‌లో ఉన్న ఇన్‌కాయిస్ (సముద్ర సమాచారం ఇచ్చే ప్రభుత్వ సంస్థ) వాళ్ళు రోజూ సముద్రం ఎలా ఉంటుందో సూచనలు ఇస్తారు. అందులో కెరటం ఎత్తు ఒక్కటే చూడకు, రెండు కెరటాల మధ్య ఎన్ని సెకన్లో కూడా చూడు. ఎత్తు ఒక మీటరే అయినా 14, 15 సెకన్లు ఉంటే అది ఎక్కడో దక్షిణ హిందూ మహాసముద్రంలో పుట్టి వచ్చిన పొంగు. లోపల ఉయ్యాలలా హాయిగా ఉంటుంది, ఒడ్డుకొచ్చేసరికి గోడలా లేచి విరుగుతుంది. మనవైపు చాలాచోట్ల తీరం ఏటవాలు ఎక్కువ, కెరటం ఒక్కసారిగా పడుతుంది. నేను చూసిన దెబ్బలన్నీ దాదాపు ఒడ్డు దగ్గర తగిలినవే, లోపల కాదు.

దిగేటప్పుడు పది నిమిషాలు నిలబడి లెక్కపెట్టు. పెద్ద కెరటాలు ఒక గుంపుగా వస్తాయి, తర్వాత కాస్త విరామం ఉంటుంది, ఆ విరామంలో వెళ్ళాలి, ముక్కు కెరటానికి ఎదురుగా ఉండాలి. వచ్చేటప్పుడు రాడ్‌లు, గాలాలు అన్నీ లోపల పెట్టి మూసెయ్యి. కెరటం ముందు పరిగెత్తకు, దాని వీపు వెనకే రా. ఒకవేళ పడిపోతే ఎట్టి పరిస్థితుల్లోనూ కయాక్‌కీ ఒడ్డుకీ మధ్యలో ఉండకు. నీళ్ళు నిండిన కయాక్‌ను కెరటం తోస్తే కాళ్ళు విరుగుతాయి. సముద్రం వైపే ఉండు.

లైఫ్ జాకెట్ గురించి ఇంకేం చెప్పను, నీకే అర్థమైంది. మా వాళ్ళలో కూడా వేసుకోని వాళ్ళు ఎక్కువే, వాళ్ళను చూసి నేర్చుకోవద్దు. తెప్ప దుంగలతో కట్టింది, తిరగబడినా మునగదు, పక్కన ఇంకో ముగ్గురు ఉంటారు. నీ కయాక్ లోపల డొల్ల. మూత సరిగా పడకపోతే నీళ్ళు నిండుతాయి. బయలుదేరే ముందు మూతలు, వెనకున్న బిరడా చేత్తో తడిమి చూసుకో.

మందుల_షాపు_అక్క:

నేను ఫార్మసిస్ట్‌ని, కాకినాడ. మాత్రల గురించి చెప్తాను, ఎందుకంటే దీని మీద షాపుకొచ్చే వాళ్ళకు చాలా పొరపాటు అభిప్రాయాలు ఉన్నాయి.

వాంతి అనగానే అందరూ అడిగేది ఆన్‌డాన్‌సెట్రాన్. అది కడుపు చెడినప్పుడు, కొన్ని చికిత్సల తర్వాత వచ్చే వాంతులకు బాగా పనిచేస్తుంది. ప్రయాణంలో, సముద్రంలో వచ్చే వికారానికి పెద్దగా పనికిరాదు, రెండింటి దారులు వేరు. ప్రయాణపు వాంతులకు మన దగ్గర ఎక్కువగా వాడేది అవోమిన్, అంటే ప్రోమెథజైన్. సిన్నరిజిన్, మెక్లిజిన్ కూడా వాడతారు. వీటన్నిటికీ ఒక షరతు, ముందే వేసుకోవాలి. అవోమిన్ అయితే బయలుదేరడానికి గంట, రెండు గంటల ముందు, లేదా ముందు రోజు రాత్రి పడుకునేటప్పుడు. సిన్నరిజిన్ రెండు గంటల ముందు. వికారం మొదలయ్యాక కడుపు కదలికే మందగిస్తుంది, అప్పుడు మింగిన మాత్ర అక్కడే కూర్చుంటుంది, లేదా వాంతిలో బయటికొచ్చేస్తుంది.

రెండో సంగతి ఇంకా ముఖ్యం. ఇవన్నీ నిద్ర తెప్పిస్తాయి, కొందరికి ఎక్కువ, కొందరికి తక్కువ. బస్సులో పడుకునేవాడికి పర్లేదు. ఒంటరిగా తెడ్డు వేసేవాడు మగతగా ఉంటే అది వాంతి కంటే ప్రమాదం. అందుకని మొదటిసారి సముద్రం మీద వేసుకోకండి. సెలవు రోజు ఇంట్లో ఉన్నప్పుడు వేసుకుని, బండి తీయకుండా, ఎంతసేపు మగతగా ఉందో చూసుకోండి. మీకు ఏ మందు, ఎంత అన్నది డాక్టర్‌ను అడిగి తీసుకోండి. గ్లకోమా, ప్రొస్టేట్ ఇబ్బంది, ఆస్తమా ఉన్నవాళ్ళు, వేరే మందులు వాడేవాళ్ళు తప్పకుండా చెప్పాలి. ముందు రోజు రాత్రి మద్యం తాగితే ఈ మాత్ర వద్దు, సముద్రమూ వద్దు.

తిండి విషయం. ఖాళీ కడుపుతో వెళ్తే తగ్గుతుందనుకుంటారు, అది తప్పు. బయలుదేరే గంట ముందు రెండు ఇడ్లీలో, అరటిపండో, కొంచెం పెరుగన్నమో తినండి. పూరీ, వడ, ముందు రోజు రాత్రి బిర్యానీ మానేయండి. అల్లం కొందరికి బాగా పనిచేస్తుంది, నిద్ర రాదు కాబట్టి నేను ముందు అదే చెప్తాను. అల్లం మురబ్బా ముక్కలు జేబులో పెట్టుకుని అరగంటకు ఒకటి నమలండి. ఓఆర్ఎస్ కలిపిన నీళ్ళ సీసా చేతికందే చోట ఉండాలి, వాంతి అయ్యాక ఒక్కో గుక్క. ఎండలో కక్కుకుంటూ నీళ్ళు తాగకపోతే కాళ్ళు చేతులు తిమ్మిరెక్కి, ఆలోచన కూడా మందగిస్తుంది.

అలవాటు అవుతుందా అని అడిగారు. వరసగా రెండు మూడు రోజులు నీళ్ళ మీద ఉంటే చాలామందికి తగ్గుతుంది, వేటకెళ్ళే వాళ్ళకు అందుకే ఉండదు. నెలకు ఒకసారి వెళ్తే ఆ అలవాటు నిలవదు, ప్రతిసారీ కొత్తే. మొదటి కొన్నిసార్లు వారం వారం, గంట గంటన్నర మాత్రమే వెళ్ళి రండి.

ఆక్లాండ్_తెలుగు:

నేను తొమ్మిదేళ్ళుగా న్యూజిలాండ్‌లో ఉంటున్నాను, హౌరాకీ గల్ఫ్‌లో స్నాపర్ చేప కోసం దాదాపు ప్రతి వారాంతం కయాక్ మీద వెళ్తాను. ఇక్కడ ఈ సరదా చాలా మందికి ఉంది, కాబట్టి నేర్పించే పద్ధతి కూడా బాగా కుదిరింది. బ్రదర్, మీ పోస్ట్‌లో నన్ను భయపెట్టింది ఒక్కటే, తిరగబడితే మళ్ళీ ఎక్కడం మీరు సాధన చేసినట్టు ఎక్కడా రాయలేదు. అది రాకుండా సముద్రంలోకి వెళ్ళకండి.

ఛాతీ లోతు నీళ్ళలో, ఇద్దరు ముగ్గురు తోడుండగా కావాలనే తిరగబడండి. కింది నుంచి అవతలి అంచు పట్టుకుని కయాక్‌ను నిటారుగా తిప్పండి. తర్వాత పక్కన నీళ్ళలో బోర్లా తేలుతూ, కాళ్ళు గట్టిగా ఆడిస్తూ, ఒక్క ఊపున పొట్ట కయాక్ మీదికి వచ్చేలా లాగండి. చేతుల బలంతో పైకి లేవాలని చూస్తే కయాక్ మీ మీదికే తిరుగుతుంది. పొట్ట ఎక్కాక తిరిగి కూర్చోండి, చివర్లో కాళ్ళు లోపలికి. పదిసార్లు చేయండి, లైఫ్ జాకెట్ వేసుకునే చేయండి, ఎందుకంటే ముందు జేబులో లావుపాటి డబ్బాలు ఉంటే పొట్ట జారదు, ఆ సంగతి అప్పుడే తెలుస్తుంది. అలసిపోయాక కూడా ఒకసారి చేసి చూడండి. కక్కి నీరసపడ్డ మనిషి పరిస్థితి అదే.

వాంతి వస్తే ఒక పక్కకు వంగకండి. రెండు కాళ్ళూ చెరో వైపు నీళ్ళలోకి వేసి గుర్రం మీద కూర్చున్నట్టు కూర్చోండి, కయాక్ చాలా స్థిరంగా అయిపోతుంది. తల వంచి కాళ్ళ మధ్యే, మీ ఒళ్ళోనే కక్కేయండి. కడుక్కోవచ్చు, సముద్రం నిండా నీళ్ళే.

అడ్డంగా ఊగడం తగ్గించడానికి చిన్న డ్రోగ్ వాడండి, గొడుగులాంటి గుడ్డ సంచి, నీళ్ళలో తెరుచుకుని కయాక్‌ను పట్టి ఉంచుతుంది. దాన్ని ముక్కు దగ్గర కడితే ముక్కు గాలికి ఎదురుగా నిలుస్తుంది, కొట్టుకుపోవడమూ తగ్గుతుంది, ఊపూ తగ్గుతుంది. తెడ్డుకు తాడు కట్టుకోండి, రాడ్‌లకూ కట్టండి, కానీ కెరటాలు విరిగే చోటికి వచ్చేముందు ఆ తాళ్ళన్నీ విప్పేయండి, అక్కడ అవి మెడకూ కాళ్ళకూ చుట్టుకుంటాయి. తాడు కోసే చాకు లైఫ్ జాకెట్ మీదే ఉండాలి.

ఇక్కడ మాకు మొదట చెప్పే మాట, సాయం పిలవడానికి నీళ్ళలో పాడవని సాధనాలు రెండు ఉండాలని, అవి కయాక్ మీద కాదు, ఒంటి మీద ఉండాలని. నా దగ్గర వీహెచ్ఎఫ్ రేడియో (పడవల మధ్య మాట్లాడుకునే సెట్), పీఎల్బీ (ఆపదలో నొక్కితే శాటిలైట్‌కు సంకేతం పంపే చిన్న పరికరం) ఉన్నాయి. మీరు గార్మిన్ ఇన్‌రీచ్ లాంటిది ఒకటి కొనండి, దానితో శాటిలైట్ ద్వారా ఎక్కడి నుంచైనా మెసేజ్ వెళ్తుంది.

తీరం_మనిషి:

ఆక్లాండ్ అన్న చెప్పినవన్నీ బంగారం, కాళ్ళు చెరో వైపు వేయడం మా తెప్ప మీద తాతలు చేసిందే. కానీ ఆ చివరి మాట మన దేశంలో పాటించవద్దు. ఇక్కడ అనుమతి లేకుండా శాటిలైట్ ఫోన్, ఇన్‌రీచ్ లాంటివి దగ్గర పెట్టుకోవడం నేరం, విమానాశ్రయాల్లో వాటితో దొరికిన విదేశీయుల మీద కూడా కేసులయ్యాయి. మన తీరంలో నౌకాదళం ఉంది, ఇంకా గట్టిగా చూస్తారు. వీహెచ్ఎఫ్ సెట్‌కూ లైసెన్స్ కావాలి. అవి లేవని ఒంటరిగా ఉన్నామనుకోకండి. సముద్రంలో ఆపద వస్తే కోస్ట్ గార్డ్ నంబరు 1554, తీర భద్రతకు 1093, ఇవి కాక 112 ఉండనే ఉంది. మూడూ ఫోన్‌లో ముందే పెట్టుకోండి. తడి చేతులతో టచ్ ఫోన్ పనిచేయదు, ఫోన్‌ను నీళ్ళు చొరని సంచిలో పెట్టి సంచి పైనుంచే నొక్కడం ఇంటి దగ్గరే సాధన చేయండి. నేనైతే రెండో ఫోన్‌గా బటన్ల ఫోన్ ఒకటి వేరే సంచిలో మెడకు వేసుకుంటాను. ఒక ఈల, ఒక అద్దం ముక్క.

వెళ్ళే ముందు దగ్గర్లోని మెరైన్ పోలీసులకు చెప్పడం, రేవులో ఇద్దరు వేటగాళ్ళకు చెప్పడం మర్చిపోవద్దు. ఎక్కడికి, ఎన్నింటికి వస్తాం, రాకపోతే ఎవరికి ఫోన్ చేయాలి, ఇది ఇంట్లో కాగితం మీద రాసి పెట్టండి. పోర్టు ముఖద్వారం, డాల్ఫిన్స్ నోస్ కొండ వైపు అసలు పోవద్దు, అక్కడ ఓడల రాకపోకలు, నేవీ ఆంక్షలు. పెద్ద ఓడ మీద నుంచి కయాక్ కనిపించదు. ముదురు నీలం చొక్కాలు వద్దు, నారింజ రంగో, చిలకపచ్చో వేసుకోండి.

ఇంకొకటి. సముద్రపు జెల్ల, టేకు చేప (తోకకు ముల్లుండే బల్లపరుపు చేప) పడితే ఒళ్ళోకి తీసుకోకు. వాటి ముల్లుకు విషం ఉంటుంది, గుచ్చుకుంటే చెయ్యి ఎత్తలేవు, ఇక తెడ్డేం వేస్తావు. తీగ కోసి వదిలెయ్యి. గుచ్చుకుంటే ఒడ్డుకొచ్చాక ఓర్చుకోగలిగినంత వేడి నీళ్ళలో పెడితే నొప్పి తగ్గుతుంది, తర్వాత ఆస్పత్రికి వెళ్ళాలి. సముద్రపు పాము గాలానికి పడినా అంతే, తీగ కోసెయ్యడమే.

మధురవాడ_గాలం:

అందరికీ చాలా కృతజ్ఞతలు. ఇదంతా మా ఆవిడకు కూడా చదివి వినిపించాను, కాగితం మీద టైం రాసి పెట్టే పని తనే తీసుకుంది. గాలం తీగలు కట్టడం మొదలుపెట్టాను. ఒక సందేహం, లంగరు వేసి ఒకేచోట ఉంటే కొట్టుకుపోకుండా ఉంటాం కదా, అది మంచిదేనా? నా కయాక్‌కు నడుము దగ్గర కొక్కెం ఉంది, అక్కడ కట్టొచ్చా?

తీరం_మనిషి:

నడుము దగ్గర అసలు కట్టకు. లంగరు తాడు పక్క నుంచి లాగితే, నీటి వడి పెరిగినప్పుడు ఆ అంచు కిందికి దిగి కయాక్ బోల్తా పడుతుంది. కట్టితే ముక్కుకో, తోకకో కట్టాలి, ఒక్క లాగుతో విడిపోయే ముడి వేయాలి, తాడు చివర బంతి కట్టాలి, వదిలేసినా తర్వాత తీసుకోవచ్చు. అయినా మొదటి రెండు నెలలు లంగరు జోలికి పోకు. లంగరు మీద కయాక్ కెరటానికి గుంజుకుంటూ ఉంటుంది, నీకు వికారం ఎక్కువవుతుంది. తెడ్డు మెల్లగా వేస్తూ వెనక ఒక తీగ లాక్కుంటూ పో. చేతులు ఆడుతుంటాయి, కళ్ళు పైకి ఉంటాయి, ఒళ్ళు నీ అదుపులో ఉంటుంది. కానాగడతలు, పారలు అలాగే పడతాయి, అదృష్టం ఉంటే కోనాం కూడా.

వచ్చే ఆదివారం గాలి తక్కువ ఉంటే రుషికొండ దగ్గర ఛాతీ లోతులో తిరగబడి ఎక్కడం చేద్దాం, నేనూ వస్తాను, నీ స్నేహితుణ్ణి కూడా తీసుకురా. ఆ రోజు గాలాలు తేవద్దు. అది బాగా వచ్చాకే మంగమారిపేట. ఐదున్నరకు అక్కడ ఉంటాను, లైఫ్ జాకెట్ ఇసుక మీద దిగేటప్పటికే ఒంటి మీద ఉండాలి.